పలుగురాయి మిల్లులో పనిచేసిన నాన్నగారికి సిలికోసిస్: సదరం సర్టిఫికెట్ లేకుండా పరిహారం అడగవచ్చా?

ప్రశ్న (చిన్నకొడుకు)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు నెల్లూరు జిల్లాలోని ఒక పలుగురాయి మిల్లులో 14 ఏళ్లు పనిచేశారు. రాయిని మెత్తటి పొడిగా ఆడించే యంత్రం నోటి దగ్గర సంచి పట్టడం, నిండాక దాన్ని కుట్టి లారీకి ఎత్తడం ఆయన పని. ముక్కుకూ నోటికీ తువ్వాలు చుట్టుకోవడం తప్ప మరో రక్షణ ఎన్నడూ లేదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లబడి ఉండేవి. ఆ తువ్వాలును బకెట్లో ముంచితే నీళ్లు సున్నపు తేటలా మారేవి.

2021లో దగ్గు మొదలైంది. కఫం పరీక్షలో క్రిములు కనిపించకపోయినా ఎక్స్‌రేలో మచ్చలున్నాయని చెప్పి ఆరు నెలలు టీబీ మందులు వాడించారు. తగ్గకపోవడంతో 2022లో మళ్లీ అవే మందులు మరో ఆరు నెలలు వాడించారు. 2023 నవంబరులో ఒకరోజు సంచి ఎత్తబోయి అక్కడే కూలబడ్డారు, ఆ తర్వాత పనికి వెళ్లలేదు. 2024 ఆగస్టులో ఒక ఛాతీ వైద్యుడు మా దగ్గరున్న ఎక్స్‌రేలన్నీ వరుసగా కిటికీ వెలుతురుకు పట్టి చూసి, "మీరు ఏం పని చేసేవారు?" అని అడిగారు. మూడేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి వైద్యుడు ఆయనే. చీటీ మీద సిలికోసిస్ (రాతి ధూళి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) అని రాసి ఇచ్చారు. అప్పటికి నాన్నగారి వయసు 50.

ఇప్పుడు మంచం దగ్గర నుంచి పెరటి తలుపు దాకా నడవాలంటే రెండుసార్లు ఆగుతున్నారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరానికి తీసుకువెళితే ఊపిరితిత్తుల జబ్బు తమ జాబితాలో లేదని వెనక్కి పంపారు. ఈలోగా మిల్లు యజమాని 50,000 రూపాయలు ఇస్తానని, ఇకపై ఏ క్లెయిమూ చేయబోమని స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయాలని మేస్త్రీ ద్వారా కబురు పంపారు. జీతం నెలకు 12,000 రూపాయలు, అదీ మేస్త్రీ చేతికే ఇచ్చేవాడు. గుర్తింపు కార్డు లేదు, జీతం చీటీ లేదు.

సదరం సర్టిఫికెట్ లేకుండా పరిహారం అడిగే దారి ఉందా? ఉంటే ఊపిరితిత్తుల నష్టాన్ని ఎంత శాతమని ఎవరు తేలుస్తారు? ఏ కాగితమూ లేని మనిషి అక్కడ పనిచేశానని ఎలా రుజువు చేసుకోవాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు (కార్మిక న్యాయవాది)

చిన్నకొడుకు గారూ, అన్నిటికంటే ముందు ఆ స్టాంపు కాగితం మీద నాన్నగారి వేలిముద్ర పడనివ్వకండి. పరిహారపు హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదని ఉద్యోగుల పరిహార చట్టం, 1923లోని 17వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అయినా అలాంటి కాగితం ఒకటి అవతలివారి చేతిలో ఉంటే, అది చెల్లదని నిరూపించే భారం, దానికి పట్టే కాలం మీ నెత్తిన పడతాయి.

సదరం శిబిరం వారు చెప్పినది నిజమే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో ఊపిరితిత్తుల జబ్బు లేదు. అది అన్యాయమని నేనూ అనుకుంటాను. కానీ ఆ సర్టిఫికెట్ పింఛన్లకు, రిజర్వేషన్లకు, రాయితీలకు సంబంధించినది. పరిహార చట్టంలో వైకల్యం అంటే అర్థం వేరు. పని వల్ల వచ్చిన జబ్బు కారణంగా మనిషి సంపాదించుకునే శక్తి ఎంత తగ్గింది అన్నదే అక్కడి కొలత. ఆ చట్టం మూడో షెడ్యూలు 'సి' భాగంలో మొట్టమొదటి పద్దు సిలికోసిస్, ఆస్బెస్టోసిస్ వంటి రాతి ధూళి జబ్బులదే. షెడ్యూలులో ఉన్న జబ్బు ఆ పనిలో ఉన్నవాడికి వస్తే దాన్ని పనిలో జరిగిన ప్రమాదంగానే చట్టం లెక్కిస్తుంది. పనివాడు ఇద్దరు ముగ్గురు యజమానుల దగ్గర చేసి ఉంటే వారందరి మీదా పరిహార భారాన్ని పంచే అధికారం ఈ కేసులు విచారించే కార్మిక శాఖ కమిషనర్‌కు ఉంది. మేస్త్రీ కింద చేశాడన్న సాకుతో అసలు యజమాని తప్పించుకోకుండా 12వ సెక్షన్ ఉంది.

మరో సంగతి ముందే తేల్చుకోవాలి. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే ఫ్యాక్టరీ అయితే, జీతం నెలకు 21,000 లోపు ఉన్నందువల్ల నాన్నగారు ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) పరిధిలోకి వచ్చి ఉండవచ్చు. అలా వస్తే శాశ్వత వైకల్యానికి, సగటు దినవేతనంలో 90 శాతం లెక్కన, సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో ఆ మేరకు జీవితాంతం డబ్బు వస్తుంది. అప్పుడు ఇదే జబ్బుకు 1923 చట్టం కింద మళ్లీ అడగడానికి వీల్లేదు. యజమాని చందా కట్టలేదన్న కారణం ఒక్కటే పనివాడి హక్కును చంపదు. ఈఎస్ఐ కార్పొరేషన్ డబ్బు చెల్లించి యజమాని నుంచి వసూలు చేసుకునే ఏర్పాటు చట్టంలోనే ఉంది. కాబట్టి మొదట ఈఎస్ఐ శాఖా కార్యాలయానికి వెళ్లి ఆ మిల్లు నమోదై ఉందో లేదో తెలుసుకోండి.

ఈఎస్ఐ వర్తించకపోతే లెక్క ఇలా ఉంటుంది. నెల జీతంలో 60 శాతం తీసుకుని, దాన్ని వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో గుణించాలి. 50 ఏళ్లకు ఆ అంకె 153.09. మీ నాన్నగారి 12,000లో 60 శాతం 7,200. గుణిస్తే 11,02,248 రూపాయలు. ఇది సంపాదన శక్తి పూర్తిగా పోయినప్పటి మొత్తం. 60 శాతం పోయిందని తేలితే 6,61,349 దాకా వస్తుంది. మీకు చూపిస్తున్న 50,000ను ఈ అంకెల పక్కన పెట్టి చూసుకోండి. డబ్బు ఇవ్వవలసిన రోజు నుంచి నెలలోపు ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకుండా ఆలస్యం చేశారని తేలితే మొత్తంలో 50 శాతం వరకు జరిమానా కూడా పడవచ్చు.

శాతం విషయంలో చాలామంది న్యాయవాదులు కూడా పొరబడతారు. స్పైరోమెట్రీలో (గొట్టంలోకి ఊదించి శ్వాసను కొలిచే పరీక్షలో) శ్వాస 45 శాతం తగ్గిందని వస్తే పరిహారమూ 45 శాతమే అనుకుంటారు. ఒక వడ్రంగి ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేయవలసి వచ్చిన కేసులో, ఒంటి చేత్తో వడ్రం చేయలేడు కాబట్టి అతని సంపాదన శక్తి నూటికి నూరు పోయినట్టేనని సుప్రీంకోర్టు 1975లో చెప్పింది. బరువులు ఎత్తడం తప్ప మరో పని నేర్వని 50 ఏళ్ల మనిషి పెరటి దాకా నడవలేనప్పుడు అదే వాదన ఆయనకూ వర్తిస్తుంది. మన షెడ్యూలులో ఊపిరితిత్తులకు ముందే కట్టిన శాతం లేదు గనుక వైద్యుడు తేల్చి రాయాలి. ఆయన ఊపిరితిత్తుల నష్టాన్ని మాత్రమే రాసి ఊరుకోకుండా, సంపాదన శక్తి ఎంత తగ్గిందో విడిగా రాసేలా అడగండి.

గడువు గురించి జాగ్రత్త. క్లెయిమ్ రెండేళ్లలోపు వేయాలి. పని మానేసిన రెండేళ్లలోపు జబ్బు లక్షణాలు బయటపడితే, అవి మొదట గుర్తించిన రోజునే ప్రమాదం జరిగిన రోజుగా తీసుకోవాలని 10వ సెక్షన్ చెబుతుంది. మీ కేసులో ఆ రోజు 2024 ఆగస్టు అని మనం వాదించాలి, కాబట్టి 2026 ఆగస్టు లోపు దరఖాస్తు పడాలి. 2021లోనే దగ్గు ఉంది కదా అని అవతలివారు అంటారు. అప్పుడు వైద్యులే దాన్ని టీబీ అన్నారు గనుక పనివాడికి తెలిసే అవకాశం లేదని, అది చాలదంటే ఆలస్యానికి తగిన కారణం ఉందని చెప్పవచ్చు. తగిన కారణం ఉంటే గడువు దాటినా స్వీకరించే అధికారం కమిషనర్‌కు ఉంది. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి (కోడ్) అమలులోకి వచ్చింది, పరిహారపు సంగతులు దాని 7వ అధ్యాయంలో ఉన్నాయి. మీ హక్కు అంతకుముందే పుట్టింది కాబట్టి నా అభిప్రాయంలో పాత చట్టం లెక్కనే అడగాలి, దరఖాస్తులో రెండింటినీ ప్రస్తావిస్తే మంచిది. మీరు నివసించే జిల్లాలో కార్మిక శాఖకు చెందిన పరిహార కమిషనర్ దగ్గరే వేయవచ్చు, మిల్లు ఉన్న చోటికి తిరగనక్కరలేదు.

జవాబు (ఛాతీ వైద్యుడు)

న్యాయవాది గారు చెప్పిన శాతం సంగతికి వైద్యం వైపు నుంచి కొంత చేర్చాలి. సిలికోసిస్‌లో ఎక్స్‌రే ఒక కథ చెబుతుంది, ఊదుడు పరీక్ష మరొకటి చెబుతుంది, ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. ఎక్స్‌రేలో గింజలు దట్టంగా కనిపిస్తున్నా మొదటి దశలో స్పైరోమెట్రీ మామూలుగా ఉన్నవారిని చూశాను. అందువల్ల ఒక్క కాగితంతో కమిషనర్ ముందుకు వెళ్లకండి.

ఎక్స్‌రేను అంతర్జాతీయ కార్మిక సంస్థ వర్గీకరణ ప్రకారం చదివించండి. గింజలు ఎంత దట్టంగా ఉన్నాయన్నది అందులో 12 మెట్లుగా రాస్తారు. గుండ్రటి గింజల పరిమాణాన్ని పి, క్యూ, ఆర్ అక్షరాలతో, 10 మిల్లీమీటర్లు దాటిన గడ్డలను ఏ, బీ, సీ అక్షరాలతో గుర్తిస్తారు. "రెండు వైపులా మచ్చలు" అని రాసిన నివేదికకూ, ఈ పద్ధతిలో చదివిన నివేదికకూ విచారణలో చాలా తేడా ఉంటుంది. స్పైరోమెట్రీ చేసేటప్పుడు కనీసం మూడుసార్లు సరిగ్గా ఊదించాలి. భయంతోనో దగ్గుతోనో సగంలో ఆపేస్తే, కావాలని ఊదలేదని అవతలి పక్షం వాదిస్తుంది. వీలైతే వాయు మార్పిడి సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష, ఆరు నిమిషాల నడక పరీక్ష కూడా చేయించండి. కూర్చున్నప్పుడు వేలికి పెట్టే యంత్రంలో రక్తంలోని ఆక్సిజన్ 96 శాతం చూపించిన మనిషికి వంద అడుగులు నడిస్తే 86కు పడిపోవచ్చు, ఆ రెండో అంకె రాయకపోతే ఆయన బాధ కాగితం మీదికి రాదు.

టీబీ విషయంలో గత వైద్యులను పూర్తిగా తప్పుపట్టలేను. సిలికోసిస్ గింజలు ఎక్కువగా ఊపిరితిత్తుల పై భాగంలోనే వస్తాయి, టీబీ కూడా అక్కడే వస్తుంది. పైగా సిలికా ధూళి చేరిన ఊపిరితిత్తికి టీబీ ముప్పు మామూలు వారికంటే ఎక్కువ. నిజంగా రెండూ కలిసే ఉండవచ్చు. ఆ సిలికో ట్యూబర్‌క్యులోసిస్ కూడా షెడ్యూలులో ఉంది, అయితే వైకల్యానికి సిలికోసిస్ ముఖ్య కారణమై ఉండాలన్న షరతు ఉంది. కఫాన్ని జన్యు పరీక్షకు పంపి ఇప్పుడు టీబీ ఉందో లేదో ఒకసారి తేల్చుకోండి. రెండుసార్లు మందులు వాడినా ఎక్స్‌రే మారలేదన్నది మీకు అనుకూలమైన సాక్ష్యమే, అందుకే ఆ టీబీ చికిత్స కార్డులను పారేయకండి.

సర్టిఫికెట్‌లో ఎన్నేళ్లు, ఏ పనిలో, ఏ రాతి ధూళిలో పనిచేశారో వైద్యుడు తప్పకుండా రాయాలి. అది లేకుండా సిలికోసిస్ అన్న ఒక్క పదం రాస్తే సగం బలమే. ఇంకా ఒక మాట చెప్పడానికి మనసు ఒప్పకపోయినా చెప్పాలి. ఈ జబ్బును తిరగగొట్టే మందు లేదు, పని మానేసిన తర్వాత కూడా అది ముదిరే స్వభావం ఉంది.

జవాబు (పాత గని మనిషి)

నేను బొగ్గు గనిలో 31 ఏళ్లు చేసి, సంఘం పనులు చూసినవాడిని. మా రోజుల్లో గనులకు ఈఎస్ఐ వర్తించేది కాదు, మా దారి వేరు. గనుల నియమాల ప్రకారం ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష జరిపి, ఫారం 'ఓ'లో ఫలితం రాయాల్సి ఉండేది. నేను చూసిన కేసుల్లో చాలామంది ఆ కాగితం నకలు ఎప్పుడూ అడిగి తీసుకోలేదు, తీరా జబ్బు బయటపడ్డాక ఆఫీసులో దొరకలేదు. ఇప్పుడు గనిలో ఉన్నవారు ఇది చదువుతుంటే ప్రతి పరీక్ష నకలు ఇంట్లో పెట్టుకోండి. ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో 1995లో సుప్రీంకోర్టు, ఉద్యోగం మొదలైన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని వదిలిన తర్వాత 15 ఏళ్లు, ఈ రెంటిలో ఏది తర్వాత వస్తే అప్పటి వరకు ఆరోగ్య రికార్డులు దాచాలని ఆ పరిశ్రమలను ఆదేశించింది. ఈ జబ్బు ఎంత ఆలస్యంగా బయటపడుతుందో ఆ ఆదేశమే చెబుతోంది.

చిన్నకొడుకు గారికి రుజువుల సంగతి చెబుతాను. కార్డు లేకపోతే మనుషులే కార్డు. అదే యంత్రం దగ్గర పనిచేసిన ఇద్దరు ముగ్గురు ప్రమాణపత్రాలు ఇస్తే చాలా బలం, ఇప్పుడు పని వదిలేసినవారైతే భయం లేకుండా చెబుతారు. మిల్లు ఆవరణలో తీసిన ఫొటోలు, లారీ తూకం చీటీల మీద సంతకాలు, మేస్త్రీ నోటు పుస్తకంలో మస్టరు పేజీ, ఫోనుకు వచ్చిన జీతం జమ సందేశం ఒక్కటైనా ఉందేమో వెతకండి. టీబీ చికిత్స కార్డులో వృత్తి అన్న గడి ఉంటే అందులో ఏం రాశారో చూడండి. "రాయి మిల్లు కూలీ" అని 2021లో రాసిన కాగితం, గొడవ మొదలు కాకముందు పుట్టినది కాబట్టి, దాన్ని ఎవరూ కల్పించారని అనలేరు.

ఇంకొకటి. నాన్నగారు ఒక్కరే జబ్బుపడి ఉండరు. ఆ మిల్లులో చేసినవారి ఎక్స్‌రేలు ఐదారు సంపాదించగలిగితే కేసు స్వరూపమే మారుతుంది. గుజరాత్‌లోని రాతి పొడి కర్మాగారాల్లో పనిచేసి చనిపోయిన మధ్యప్రదేశ్ గిరిజన కూలీల విషయంలో కూడా ఎవరి దగ్గరా కాగితాల్లేవు. ఊరూరా తిరిగి పేర్లు కూడగట్టినవారి వల్ల అది జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016లో 238 మంది కుటుంబాలకు 3 లక్షల చొప్పున చెల్లించాలని కోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానం తెచ్చి, వైద్య బోర్డు జబ్బును ధ్రువీకరిస్తే 3 లక్షలు, మరణిస్తే కుటుంబానికి మరో 2 లక్షలు ఇస్తోంది, యజమాని ఎవరో రుజువు చేయమని బాధితుడిని అడగదు. గనుల నుంచి వచ్చే డబ్బుతో 2015 నుంచి ప్రతి ఖనిజ జిల్లాలో ఒక ఫౌండేషన్ నిధి ఉంది. మన రాష్ట్రాల్లోనూ ఆ నిధిని ఈ ఊపిరితిత్తుల మీద ఖర్చుపెట్టాలని అడగడం మన బాధ్యత.

జవాబు (వెంకటగిరి అక్క)

తమ్ముడూ, మా ఆయన కేసు నడిపినదాన్ని కాబట్టి రాస్తున్నాను. విచారణ గది మేడ మీద ఉండేది. మొదటి వాయిదాకు మా ఆయన ఆ మెట్లు నాలుగు చోట్ల ఆగి ఎక్కారు, చివరి మెట్టు మీద గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోతే లోపలి నుంచి అధికారి లేచి వచ్చి చూశారు. ఆ రోజు ఆ అధికారి రాసుకున్నది మాకు ఎంతో పనికి వచ్చింది. అవతలి వకీలు అడిగిన మొదటి ప్రశ్న, బీడీలు కాల్చేవాడా అని. కాల్చేవారు, అదే చెప్పాం. అబద్ధం ఆడవద్దు. వైద్యుణ్ణి సాక్షిగా పిలిపించి దానికి సమాధానం ఆయన చేతే చెప్పించాం.

కేసు తేలేలోపే మా ఆయన పోయారు. అయినా కేసు ఆగదు, వారసులుగా మేం కొనసాగించాం. నాన్నగారి ఆధార్‌లో, ఆస్పత్రి కాగితాల్లో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒకే తీరుగా ఉందో లేదో ఇప్పుడే చూసుకో. మాకు ఇంటిపేరు ముందూ వెనకా అయినందుకే ఐదు నెలలు పోయాయి.

జవాబు (ఛాతీ వైద్యుడు)

అక్కగారు చెప్పిన బీడీ ప్రశ్న ప్రతి కేసులోనూ వస్తుంది కాబట్టి జవాబు సిద్ధంగా ఉంచుకోండి. పొగ తాగడం వల్ల శ్వాసనాళాలు ఇరుకవుతాయి, ఊపిరితిత్తుల గోడలు చితుకుతాయి, కానీ ఎక్స్‌రే పై భాగంలో గుండ్రటి గింజలు దట్టంగా పుట్టవు. నష్టంలో కొంత పొగ వల్ల కూడా అయి ఉండవచ్చు, అంతమాత్రాన సిలికోసిస్ లేదని అర్థం కాదు. ఈ తేడాను వైద్యుడు సర్టిఫికెట్‌లోనే ఒక వాక్యంగా రాస్తే తర్వాత సగం వాదన మిగలదు.

చిన్నకొడుకు

అందరికీ చేతులెత్తి నమస్కారం. టీబీ కార్డులు రెండూ అమ్మ పెట్టెలో దొరికాయి. 2022 కార్డులో వృత్తి దగ్గర "పలుగు మిల్లు" అని చేత్తో రాసి ఉంది. మేస్త్రీకి కాగితం వెనక్కి పంపేశాం. ఒక్క సందేహం: నాన్నగారితో కలిసి చేసిన మా బాబాయి ఇప్పటికీ అదే మిల్లులో ఉన్నారు, ఆయనకూ దగ్గు ఉంది, కానీ సాక్ష్యం చెబితే పని పోతుందని భయపడుతున్నారు. జబ్బు ఉన్నా ఇంకా పనికి వెళుతున్న మనిషి ఏం చేయాలి?

జవాబు (కార్మిక న్యాయవాది)

బాబాయి గారి ఎక్స్‌రే ఈ వారమే తీయించండి. పని మానకపోయినా పాక్షిక వైకల్యానికి క్లెయిమ్ చేసే హక్కు ఉంది. అలాంటివారికి, జబ్బు సంగతి యజమానికి నోటీసుగా తెలియజేసిన రోజు నుంచి రెండేళ్ల గడువు మొదలవుతుందని పాత చట్టంలో ఉంది. ఆయన జబ్బు ఇప్పుడే బయటపడితే కొత్త స్మృతి ప్రకారం నడవాలి గనుక ఆ నోటీసు ముసాయిదా నాకు చూపించి పంపండి. రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ఇలాంటి జబ్బును గుర్తించిన వైద్యుడు ఫ్యాక్టరీల ముఖ్య తనిఖీ అధికారికి తెలియజేయాలని ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ చెప్పింది, ఇప్పుడు ఆ బాధ్యత వృత్తి భద్రత స్మృతిలోకి చేరింది. ఆ సమాచారం ఛాతీ వైద్యుడి నుంచి వెళితే తనిఖీ మొదలవుతుంది, అప్పుడు ఫిర్యాదు చేసినది బాబాయి గారని యజమాని అనుకోవలసిన అవసరం ఉండదు.

అయితే ఆయన విషయంలో తొందరపడి చిన్న శాతానికి ఒప్పుకోవద్దు. ఏకమొత్తంగా ఒకసారి తేలిన పరిహారాన్ని, జబ్బు ముదిరిందని చెప్పి తర్వాత తిరగదోడడం ఈ చట్టంలో దాదాపు కుదరదు. పునఃపరిశీలన వాయిదాల మీద ఇచ్చే చెల్లింపులకు మాత్రమే ఉంది. ముదిరే జబ్బని వైద్యుడు పైన రాసిన మాటను ఆయన సర్టిఫికెట్‌లో కూడా రాయించండి. సాక్ష్యం సంగతి ఆయన్ని ఒత్తిడి చేయకండి, పని వదిలినవారిలో ఇద్దరు దొరికితే నాన్నగారి కేసుకు చాలు. దరఖాస్తు వేసే ముందు ఆ రెండు టీబీ కార్డుల ఫొటోలు, ఎక్స్‌రేల తేదీలు నాకు ప్రైవేటు సందేశంలో పంపండి, తేదీల వరుస నేను రాసి ఇస్తాను.